విస్తారా, ఎయిర్ ఇండియా: కలిసిపోయే ముందు ఇద్దరి లెక్కలూ ఒకసారి చూద్దాం

2024 నవంబర్ 12 నుంచి విస్తారా అనే పేరుతో ఫ్లైట్ లేదు, మొత్తం ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది, నవంబర్ 11 ఆఖరి రోజు. ఇదంతా ఆ విలీనం నాటి లెక్క, కింద ఎక్కడైనా 'ఇప్పుడు' అంటే 2024 నవంబర్ అనుకోండి. ఈ రెండు కంపెనీల మీద రివ్యూలు కుప్పలుగా ఉన్నాయి, సీటు ఎలా ఉంది, భోజనం ఎలా ఉంది, స్టాఫ్ బాగా మాట్లాడారా లేదా అని, కానీ డబ్బు సంగతి మాత్రం మన భాషలో మనకి అర్థమయ్యేలా ఎవరూ రాయట్లేదు. నేను గుంటూరు బ్రాడీపేటలో అకౌంట్స్ పని చేస్తాను, పొద్దున లేస్తే వేరేవాళ్ల బ్యాలెన్స్ షీట్లే చూస్తుంటాను, రెండు ఎయిర్‌లైన్స్‌లోనూ తిరిగాను, ఇంట్లో పెద్దవాళ్లనీ పంపించాను, అందుకే సర్వీసునీ లెక్కల్నీ పక్కపక్కన పెట్టి రాస్తున్నా. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

నా తీర్పు ముందే చెప్పేస్తా. విలీనం ముందు రోజు దాకా ఎక్కడానికి విస్తారాయే బెటర్, అందులో రెండో మాట లేదు. కానీ ఇంకో పదేళ్ల తర్వాత కూడా నిలబడి ఉండే సత్తా ఎవరికుంది అంటే ఎయిర్ ఇండియాకే, అక్కడ నష్టం అంకె ఏడు రెట్ల పైన ఉన్నా సరే. వినడానికి విచిత్రంగా ఉంటుంది గానీ అంకెలు చూస్తే మీకే అర్థమవుతుంది.

ముందు అందరూ చెప్పే అంకెలు. ఈ రెండిటి పైనా ఉన్న టాటాల పెద్ద కంపెనీ టాటా సన్స్ వార్షిక నివేదిక ప్రకారం 2023-24లో ఎయిర్ ఇండియా టర్నోవర్ 38,812 కోట్లు, నష్టం 4,444 కోట్లు. అదే ఏడాది విస్తారా టర్నోవర్ 15,191 కోట్లు, నష్టం 581 కోట్లు. ఇంతవరకు చూసి చాలామంది "చూశారా, విస్తారా ఎంత బాగా నడుస్తోందో, దాన్ని తీసుకెళ్లి ఆ గుదిబండకి కడుతున్నారు" అనేస్తున్నారు. నష్టాన్ని ఒట్టి అంకెగా చూడకూడదండి, వచ్చే రాబడితో పోల్చి చూడాలి. అలా చూస్తే ఎయిర్ ఇండియా వంద రూపాయలు వసూలు చేస్తే పదకొండున్నర రూపాయల దాకా చేతినుంచి పడుతోంది, విస్తారా వందకి నాలుగు రూపాయల లోపు. సరే, అలా చూసినా విస్తారాయే నయం, కానీ ఏడెనిమిది రెట్లు అనుకున్న తేడా మూడు రెట్లకి వచ్చింది గమనించండి.

ఇంకో అడుగు వెనక్కి వెళ్లండి, అంతకు ముందు ఏడాది 2022-23లో ఎయిర్ ఇండియా నష్టం 11,388 కోట్లు, విస్తారాది 1,394 కోట్లు. అంటే ఇద్దరూ ఒక్క ఏడాదిలో నష్టాన్ని సగం కంటే కిందకి తెచ్చారు, దాదాపు ఒకే వేగంతో, అరవై శాతం అటూఇటూగా. ఒకరు చిన్న కంపెనీ, మొదటినుంచీ ప్రైవేటు చేతుల్లో పుట్టి పెరిగింది, ఇంకొకరు దశాబ్దాల సర్కారీ బరువు మోసి వచ్చింది, ఆ రెండూ ఒకే వేగంతో నష్టం తగ్గించుకుంటున్నాయంటే ఎవరు ఎక్కువ కష్టపడుతున్నట్టు? నా దృష్టిలో ఇది మొత్తం లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం, దీన్నే ఎవరూ చెప్పట్లేదు.

అయితే నష్టం తగ్గడం వేరు, లాభం రావడం వేరు. పక్కనే ఇండిగో ఉంది చూడండి, అదే 2023-24లో ఆపరేషన్స్ ఆదాయం 68,904 కోట్లు, లాభం 8,172 కోట్లు. అదే ఆకాశం, అదే పెట్రోలు (విమాన ఇంధనం) రేటు, అదే డాలరు, మరి వాళ్లకెలా వచ్చింది? దీనికి జవాబు తెలిస్తే విస్తారా సంగతి సగం అర్థమైపోతుంది.

విస్తారా నాకెందుకు నచ్చిందో చెప్తా, ఎందుకంటే ఆ నచ్చిన దాంట్లోనే దాని నష్టం కూడా ఉంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి మా అమ్మతో కలిసి వెళ్లాను ఒకసారి. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, హిందీ రాదు, ఇంగ్లీషు రాదు. క్రూలో ఒకమ్మాయి వచ్చి సీటు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అమ్మ మొహం చూసి మాట్లాడింది, పైనుంచి వంగి కాదు. తెలుగు రాదు ఆ అమ్మాయికి, అయినా ట్రేలో ఉన్న డబ్బాలు రెండూ మూత కొంచెం తీసి చూపించి ఏది కావాలో వేలితో చూపించమంది, అమ్మ చూపించింది, మిగిలిన రేకు మూత కూడా తనే మొత్తం తీసి, చెంచా కాగితంలోంచి బయటికి తీసి పెట్టి వెళ్లింది. వేడివేడి అన్నం, కూర, పెరుగు. ఎకానమీ టికెట్ అది, ఏదో బిజినెస్ క్లాస్ కాదు. మా అమ్మ ఇప్పటికీ ఆ అమ్మాయి గురించి చెప్తుంది. 2023లో విమాన కంపెనీలకి ర్యాంకులిచ్చే స్కైట్రాక్స్ వాళ్లు ప్రపంచం మొత్తం మీద విస్తారాకి 16వ స్థానం ఇచ్చారంటే నాకేం ఆశ్చర్యం అనిపించలేదు.

ఇప్పుడు అదే విమానాన్ని లెక్కల కళ్లతో చూద్దాం. విస్తారా ఏ320నియోలో 164 సీట్లు, 8 బిజినెస్, 24 ప్రీమియం ఎకానమీ, 132 ఎకానమీ. అదే ఏ320నియోలో ఇండిగో 186 సీట్లు పెడుతుంది. విమానం ఒకటే, పైలట్లు ఇద్దరే, ల్యాండింగ్ చార్జీలు అవే, పెట్రోలు కూడా కాస్త అటూఇటూగా అంతే. సీట్లు మాత్రం 22 తక్కువ. లెక్క కోసం సీటుకి ఐదు వేలు వేసుకోండి, ఒక ట్రిప్పుకి లక్షా పదివేలు పోయింది, ఆ విమానం రోజుకి ఐదారు ట్రిప్పులు కొడుతుంది, అలాంటివి పదుల్లో ఉన్నాయి, గుణించుకుంటూ పోతే ఎక్కడ తేలతామో చూడండి. ఈ లోటంతా ముందున్న ఆ 32 సీట్లు ఎక్కువ రేటుకి అమ్ముడుపోయి పూడ్చాలి. ఢిల్లీ-ముంబై లాంటి రూట్లో అమ్ముడుపోతాయి, కంపెనీలు కొంటాయి. అన్ని రూట్లలో పోవు. మన దేశంలో మామూలు మనిషి టికెట్ కొనేటప్పుడు ఐదొందలు తక్కువకి వస్తే వేడన్నం వదిలేసి అటే వెళ్తాడు, తప్పు పట్టడానికి లేదు, నలుగురు కుటుంబం అంటే రెండు వేలు.

మన గుంటూరు వాళ్లకి ఈ వ్యాపారం ఎందుకంత కష్టమో చెప్పాలంటే ఒక్క మాట చాలు. మిర్చికి రేటు లేకపోతే కోల్డ్ స్టోరేజిలో పెట్టుకుని రేటు వచ్చినప్పుడు అమ్ముకుంటాం, విమానంలో ఖాళీ సీటుకి కోల్డ్ స్టోరేజి లేదు, తలుపు మూసిన క్షణం దాని విలువ సున్నా. ఖర్చులేమో ఆగవు. పెట్రోలే దాదాపు నలభై శాతం తినేస్తుంది, అది జీఎస్‌టీలో లేదు, ఒక్కో రాష్ట్రం ఒక్కో వ్యాట్, కొన్నిచోట్ల పాతిక శాతం పైన కూడా. విమానాల లీజు డాలర్లలో కట్టాలి, డాలరేమో 2024 చివర్లోనే 84 దాటింది. మనం కొనేది రూపాయల్లో, వాళ్లు కట్టేది డాలర్లలో. అందుకే అంత లాభాల్లో ఉన్న ఇండిగో కూడా 2024 జులై-సెప్టెంబర్ మూడు నెలలకి 986 కోట్ల నష్టం చూపించింది, పెట్రోలు ఖర్చు, ఇంజన్ల సమస్యతో నేల మీద ఆగిపోయిన విమానాలు అన్నీ కలిసి. ఈ వ్యాపారంలో లాభం అంత పల్చగా ఉంటుంది.

విస్తారా ఆర్థికంగా అసలు ఎప్పుడూ కోలుకోలేదా అంటే, కోలుకునే దారిలోనే ఉంది. 2015 జనవరి 9న మొదటి ఫ్లైట్, ఢిల్లీ నుంచి ముంబై. టాటాలకి 51 శాతం, సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కి 49 శాతం. పుట్టినప్పుడు చేతులు కట్టేసినట్టే ఉంది పరిస్థితి, విదేశాలకి తిరగాలంటే ఐదేళ్లు దేశంలో తిరిగి ఉండాలి, 20 విమానాలుండాలి అని రూల్. 2016లో కొత్త విమానయాన పాలసీలో ఆ ఐదేళ్ల షరతు తీసేశారు, అప్పుడు ఆ శాఖ మంత్రి మన విజయనగరం అశోక్ గజపతిరాజు గారే. 2024లో విలీనం జరిగినప్పుడు కూడా అదే శాఖలో మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు ఉన్నారు, ఇది ఎందుకో చెప్పాలనిపించింది. సరే, 2019 ఆగస్టులో సింగపూర్‌కి మొదటి విదేశీ ఫ్లైట్ వేశారు, ఏడాది తిరక్కుండానే కరోనా. 2019-20లో 1,800 కోట్ల పైన నష్టం, ఆ తర్వాత రెండేళ్లూ అదే తీరు, 2021-22లో రెండు వేల కోట్లు దాటింది. అయినా 2022 అక్టోబర్-డిసెంబర్‌లో, పుట్టిన తర్వాత మొదటిసారి, విదేశీ మారకం లెక్కలు, ఇతర ఆదాయం పక్కనపెడితే లాభం చూపించారు. ఆ ఏడాదే రాబడి వంద కోట్ల డాలర్లు దాటింది.

అంటే ఇంకో రెండేళ్లు వదిలేస్తే నిలబడేదే కదా అంటారు కొందరు. నాకు ఆ నమ్మకం లేదు. చివరికి వచ్చేసరికి విస్తారా దగ్గర 70 విమానాలు, అందులో దూరం వెళ్లే పెద్దవి 787లు ఏడంటే ఏడు. ఇండిగో దగ్గర 400 దాటాయి. లండన్, పారిస్, ఫ్రాంక్‌ఫర్ట్ వేశారు, బాగున్నాయి, కానీ అమెరికాకి ఒక్కటి కూడా వెయ్యలేకపోయారు. భోజనం, సామాను అన్నీ టికెట్లోనే ఇచ్చే ఫుల్ సర్వీస్ ఎయిర్‌లైన్‌కి అసలు డబ్బంతా ఉండేది దూరపు రూట్లలో, ఏడు విమానాలతో ఏం సంపాదిస్తారు? లోపల తిరిగితే ఇండిగోతో రేటు పోటీ, బయట తిరగడానికి విమానాలు లేవు.

పైగా 2024 ఏప్రిల్‌లో ఏమైందో గుర్తుంది కదా. విలీనం కోసం జీతాలన్నీ ఒకే పద్ధతిలోకి తెస్తూ పైలట్లకి ఇదివరకు 70 గంటలకి గ్యారంటీ జీతం ఉండేది 40 గంటలకి మార్చారు, ఫస్ట్ ఆఫీసర్లు (కో-పైలట్లు) చాలామందికి చేతికొచ్చేది తగ్గిపోయింది, వరసగా సిక్ లీవులు, కొద్ది రోజుల్లోనే వంద పైన ఫ్లైట్లు క్యాన్సిల్, చివరికి రోజుకి 25-30 ఫ్లైట్లు, పది శాతం దాకా కోసేసుకున్నారు. టైముకి వెళ్లడానికి పేరుపడిన కంపెనీకి అది మామూలు దెబ్బ కాదు. ఒక్క విషయం మాత్రం అందులో తేలింది, ఎన్ని విమానాలున్నాయో అన్నిటికీ సరిగ్గా సరిపడా పైలట్లు తప్ప వెనక అదనంగా ఎవరూ లేరు. ఖర్చు అంత బిగించి నడుపుతున్నారన్నమాట. 581 కోట్ల నష్టానికి తగ్గించారని సంతోషించేవాళ్లు ఆ తగ్గింపు వెనక ఈ బిగింపు కూడా ఉందని చూడాలి.

ఇప్పుడు ఎయిర్ ఇండియా. దీని కథ మీ అందరికీ తెలుసు, 1932లో జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి ముంబైకి ఉత్తరాల విమానం నడపడంతో మొదలు, 1953లో ప్రభుత్వం తీసుకుంది, 2018లో 76 శాతం అమ్మకానికి పెడితే ఒక్కడు కూడా కొనడానికి రాలేదు, చివరికి 2021 అక్టోబర్‌లో టాటాలే 18,000 కోట్లకి పాడుకున్నారు. ఆ 18,000 అనే అంకెని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. అందులో 15,300 కోట్లు అప్పు తలమీద వేసుకోవడం, చేతికిచ్చింది 2,700 కోట్లు. అప్పటికి కంపెనీ మొత్తం అప్పు 61,562 కోట్లు, అందులో 46,262 కోట్లు ప్రభుత్వం వేరే కంపెనీలోకి మార్చుకుంది, అంటే నీదీ నాదీ పన్ను డబ్బు. రోజుకి 20 కోట్లు పోతుండేది అప్పట్లో.

కాబట్టి 2022 జనవరి 27న టాటాల చేతికి వచ్చిన కంపెనీ పాత అప్పుల్లో మూడొంతులు వదిలించుకుని వచ్చిన కంపెనీ. ఇది మర్చిపోవద్దు. పాత ఎయిర్ ఇండియా నష్టాల్ని చూసి ఇప్పటి ఎయిర్ ఇండియాని అంచనా వెయ్యకూడదు. మరి ఇప్పుడీ నష్టం ఎందుకొస్తోంది అంటే, పాతికేళ్లుగా పెట్టాల్సిన ఖర్చు ఇప్పుడు ఒక్కసారిగా పెడుతున్నారు. విడిభాగాలు లేక మూలనపడ్డ విమానాల్ని బాగుచేసి మళ్లీ ఎగరేశారు, కంప్యూటర్ సిస్టమ్స్ మార్చారు, డెల్టా వాళ్లు వాడి వదిలేసిన 777లు లీజుకి తెచ్చారు, ట్రైనింగ్ మీద పెడుతున్నారు, పెద్ద పాత విమానాల లోపలంతా కొత్తగా చెయ్యడానికి 40 కోట్ల డాలర్లు అన్నారు. 2023 ఫిబ్రవరిలో 470 విమానాలకి ఆర్డర్, 250 ఎయిర్‌బస్, 220 బోయింగ్. ఇల్లు కట్టుకునే ఏడాది బ్యాంకు బ్యాలెన్స్ చూసి వాడు దివాలా తీశాడంటే ఎలా.

దీని బలం అంతా బ్యాలెన్స్ షీట్లో కనపడని చోట ఉంది. లండన్ హీత్రూలో దిగడానికి పాత కాలం నుంచి ఉన్న స్లాట్లు, అంటే దిగే టైముల హక్కులు, అవి ఇప్పుడు డబ్బులిచ్చినా తేలిగ్గా దొరకవు. వేరే దేశాలతో కుదిరిన హక్కులు. 2024లో ఢిల్లీ నుంచి న్యూయార్క్, నెవార్క్, వాషింగ్టన్, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కోకి మధ్యలో ఆగకుండా తిరిగిన ఫ్లైట్లు. రష్యా మీద నుంచి అమెరికా కంపెనీలు ఎగరకూడదు, ఎయిర్ ఇండియా ఎగరొచ్చు, అందువల్ల దారి దగ్గర, పెట్రోలు తక్కువ, టైము తక్కువ. మన విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి నుంచి అమెరికా వెళ్లేవాళ్లు ఎంతమంది, పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు ఎంతమంది, ఇదంతా వీళ్లకి పండే పంట. విస్తారా ఎంత బాగా చూసుకున్నా ఈ ప్యాసింజర్‌ని అందుకోలేకపోయింది. డాలస్‌కి మాత్రం 2024లో నేరుగా లేదు, మనవాళ్లు చాలామంది ఉండేది అక్కడ, అది వెయ్యాలి.

అయితే ఇవన్నీ ఉన్నాయి కదా అని నేను ఎయిర్ ఇండియాని వెనకేసుకొచ్చేది లేదు. పెద్ద విమానాల్లో సీట్లు పాతవి, తెరలు పని చెయ్యవు అనే మాట 2024లో కంపెనీ సీఈవోగా ఉన్న క్యాంప్‌బెల్ విల్సన్ కూడా కాదనలేదు, కొత్త సీట్లు తయారుచేసే వాళ్ల దగ్గరే ఆలస్యం అవుతోంది అన్నారు. విమానాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో దూరపు ఫ్లైట్ల భద్రత విషయంలో కోటీ పది లక్షలు జరిమానా వేసింది. ఫిబ్రవరిలో ఇంకో 30 లక్షలు, ముంబైలో దిగిన ఒక పెద్దాయన వీల్‌చెయిర్ అందక నడిచి వెళ్లి కూలిపోయి చనిపోయిన విషయంలో. 30 లక్షలు ఆ కంపెనీకి లెక్కలోది కాదు, కానీ మనం మన పెద్దవాళ్లని పంపించేటప్పుడు చూసేది అదే. అమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చున్న ఆ విస్తారా అమ్మాయి లాంటి మనిషిని ఏ బోయింగ్ ఆర్డర్‌తోనూ కొనలేరు, ఆ అలవాటు కంపెనీలో ఏళ్లు పట్టి వస్తుంది. విలీనంలో ఎయిర్ ఇండియాకి వచ్చే అసలు ఆస్తి 70 విమానాలు కాదు, ఈ మనుషులు, వాళ్ల శిక్షణ.

ఇక్కడే నాకు భయం కూడా. మన దేశంలో విమాన కంపెనీల విలీనాలు ఎలా ముగిశాయో చూడండి. 2007 ఒక్క ఏడాదిలో మూడు మొదలయ్యాయి. జెట్ ఎయిర్‌వేస్ సహారాని 1,450 కోట్లకి కొంది, కింగ్‌ఫిషర్ డెక్కన్‌లో వాటా కొని మరుసటేడు కలిపేసుకుంది, ప్రభుత్వం ఎయిర్ ఇండియాని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌తో కలిపింది. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబర్‌లో ఆగింది. జెట్ 2019 ఏప్రిల్‌లో ఆగింది, 2024 నవంబర్ 7న సుప్రీంకోర్టు దాన్ని పూర్తిగా అమ్మి పంచెయ్యమంది. ఎయిర్ ఇండియా ఆగలేదు గానీ ఎందుకు ఆగలేదంటే వెనక ప్రభుత్వం ఉంది కాబట్టి, 2012లో ముప్పై వేల కోట్ల పైన సాయం ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ విలీనంలో అసలు గొడవ విమానాలది కాదు, జీతాలది, సీనియారిటీది. 2011లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమాన జీతం కోసం సమ్మె, 2012లో పాత ఎయిర్ ఇండియా పైలట్లు కొత్త 787 శిక్షణ మాకే ముందివ్వాలని 58 రోజులు సమ్మె. కాగితం మీద కలిసిన ఐదేళ్లకి కూడా మనుషులు కలవలేదు.

ఈసారి తేడా ఉందా అంటే ఉంది, నేను మూడు చూస్తున్నా. మొదటిది, అప్పు చేసి ఎవరినో కొనడం కాదు ఇది, రెండూ ఒక ఇంటివే, ఒక జేబులోంచి ఇంకో జేబులోకి. రెండోది, సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఉండిపోయింది. విస్తారాలో తన 49 శాతం ఇచ్చేసి, పైన 2,059 కోట్లు పెట్టి కలిసిన కంపెనీలో 25.1 శాతం తీసుకుంది, 2024 నవంబర్ 8న ఇంకో 3,194.5 కోట్లు పెడతామని చెప్పింది. నడపడం తెలిసినవాడు సొంత డబ్బు పెట్టి మరీ లోపల ఉంటున్నాడంటే అది చిన్న విషయం కాదు, చిన్న కంపెనీలో సగం కన్నా పెద్ద కంపెనీలో పావు ఎక్కువ విలువ అని లెక్క వేసుకుని వచ్చారు వాళ్లు, నా లెక్క కూడా అదే. మూడోది, ముందే చిన్నదాన్ని కలిపి చూసుకున్నారు, పాత ఎయిర్ ఏషియా ఇండియాని 2024 అక్టోబర్ 1న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో కలిపేశారు, నాలుగు కంపెనీలు రెండయ్యాయి. దాంట్లో కూడా 2024 మే నెలలో క్యాబిన్ క్రూ ఒక్కసారిగా సిక్ లీవు పెట్టారు, కాబట్టి మనుషుల గొడవ ఇంకా తీరలేదు, అది మనసులో పెట్టుకోండి.

మా దగ్గరికి వచ్చే మిర్చి యార్డు షావుకారు ఒకాయన అడిగాడు, "ఏమండీ, టాటాలు కదా, ఎయిర్ ఇండియా షేర్లు కొంచెం తీసుకుందామా" అని. తీసుకోవడానికి లేదండి అన్నాను. ఎయిర్ ఇండియా లిస్ట్ కాలేదు, అంటే స్టాక్ మార్కెట్లోకి రాలేదు, విస్తారా లిస్ట్ కాలేదు, వాటి పైన ఉన్న టాటా సన్స్ కూడా లిస్ట్ కాలేదు. టాటా పేరున్న వేరే కంపెనీ షేరు కొంటే దీంట్లో భాగం వచ్చినట్టు కాదు. ఎవరైనా ఫోన్ చేసి ఎయిర్ ఇండియా షేర్లు ముందే ఇప్పిస్తాం అంటే పెట్టెయ్యండి ఫోన్. ఆయన "మరి లిస్ట్ అయితే కొంటారా మీరు" అన్నాడు. రెండేళ్లు వరసగా లాభం చూపించాక మాట్లాడదాం బాబాయ్ అన్నాను, అదే మీకూ చెప్తున్నా.

మనం పెట్టేది షేర్లలో కాదు, టికెట్లో. ఆ డబ్బు భద్రమేనా అనేది నిజంగా అడగాల్సిన ప్రశ్న, ఎందుకంటే 2023 మే నెలలో గో ఫస్ట్ అనే విమాన కంపెనీ ఉన్నట్టుండి ఆగిపోతే ముందుగా టికెట్లు కొన్నవాళ్ల డబ్బు ఇరుక్కుపోయింది. ఎయిర్ ఇండియా విషయంలో నాకా భయం లేదు. ఆరు నెలల ముందు టికెట్ కొనాల్సి వచ్చినా కొంటాను. విస్తారా టికెట్ ఉన్నవాళ్లు కంగారు పడాల్సిన పని రాలేదు, 2024 నవంబర్ 12 నుంచి ఆ ఫ్లైట్లకే ఎయిర్ ఇండియా నంబర్లు వచ్చాయి, విస్తారా కోడ్ యూకే బదులు ఏఐ పెట్టి ముందు ఒక 2 చేర్చారు, అంటే యూకే 955 అనేది ఏఐ 2955 అయింది. విలీనం మొదట్లో బుక్ చేసేటప్పుడు నంబరు 2తో మొదలై నాలుగంకెలు ఉంటే అది పాత విస్తారా విమానం, పాత విస్తారా స్టాఫే. నేనైతే అదే వెతుక్కున్నా. క్లబ్ విస్తారా పాయింట్లు ఉన్నవాళ్లు ఆ ఖాతాని అప్పట్లో ఎయిర్ ఇండియా ఖాతాతో కలుపుకోవాల్సి వచ్చింది, రెండు చోట్లా పేరు ఒకేలా ఉండాలి, మనవాళ్లకి ఇంటిపేరు ఒకచోట ముందు ఒకచోట వెనక ఉంటుంది కాబట్టి అదో ఇబ్బంది.

మన గన్నవరం (విజయవాడ ఎయిర్‌పోర్టు) సంగతికొస్తే, ఇక్కడినుంచి ఢిల్లీకి ఎయిర్ ఇండియా ఎప్పటినుంచో ఉంది, అమెరికా వెళ్లేవాళ్లకి దాని విలువ ఏంటంటే ఒకటే టికెట్ మీద గన్నవరంలో సామాను ఇచ్చేసి అటువైపు దిగినప్పుడు తీసుకోవడం. హైదరాబాద్ ఎయిర్‌పోర్టు ఉన్న శంషాబాద్ దాకా రాత్రంతా బస్సులో వెళ్లి, నిద్ర లేకుండా మళ్లీ పదిహేను గంటల ఫ్లైట్ ఎక్కడం పెద్దవాళ్ల వల్ల కాదు. ఇప్పటిదాకా ఇబ్బంది ఏంటంటే ఢిల్లీ దాకా వెళ్లే ఫ్లైట్ బాగానే ఉన్నా అక్కడినుంచి ఎక్కే పెద్ద విమానం ఎలాంటిది తగులుతుందో అదృష్టం. ఏ350 అయితే చాలా బాగుంటుంది, కొత్తది, 2024 జనవరిలోనే తిప్పడం మొదలుపెట్టారు. పాత 777 తగిలితే చెప్పలేం. కాబట్టి టికెట్ కొనేముందు ఏ విమానం వేస్తున్నారో చూడండి, బుకింగ్ పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

రేట్లు పెరుగుతాయా అంటే, పెరుగుతాయనే అనుకుంటున్నా, ఇది నాకు నచ్చని భాగం. ఇండిగో చేతిలో అరవై శాతం పైన మార్కెట్, మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం టాటాల చేతిలో, మూడో మనిషికి పెద్దగా చోటు లేదు. రాబడి బాగుపడాలంటే ఎయిర్ ఇండియా చెయ్యగలిగిన సులువైన పని, ఢిల్లీ-ముంబై లాంటి రూట్లలో విలీనం దాకా తనతో పోటీ పడిన విస్తారా ఫ్లైట్లని సర్దడం. ఒకే టైముకి రెండు ఫ్లైట్లు సగం సగం నింపుకుని వెళ్లే బదులు ఒకటి నిండుగా వెళ్తుంది. కంపెనీ లెక్కకి మంచిది, మన జేబుకి కాదు. ఇండిగో కూడా 2024 నవంబర్‌లోనే బిజినెస్ క్లాస్ సీట్లు మొదలుపెట్టింది, అంటే విస్తారా ఇన్నాళ్లూ బతికిన ఆ ముందు వరసల మీదే కన్నేసింది. అక్కడ పోటీ ఉంటుంది గానీ వెనక ఎకానమీలో కూర్చునే మనకి దానివల్ల ఒరిగేది తక్కువ.

ఒక మంచి గుర్తు కనపడింది నాకు. ఎయిర్ ఇండియా తన పాత ఏ320నియోల లోపలంతా కొత్తగా చేయించడం 2024 సెప్టెంబర్‌లో మొదలుపెట్టింది, లోపల సీట్లు ఎలా అంటే 8 బిజినెస్, 24 ప్రీమియం ఎకానమీ, 132 ఎకానమీ, అచ్చం విస్తారా లెక్కే. అంటే పేరు ఎయిర్ ఇండియాది ఉంచుకున్నా విమానం లోపల విస్తారా పద్ధతే పెట్టాలని తీర్మానించుకున్నారు. పైన చెప్పిన 22 సీట్ల లోటు ఇప్పుడు ఎయిర్ ఇండియా కూడా తలకెత్తుకుంటోంది, కాకపోతే ఆ 32 ముందు సీట్లలో కూర్చునేవాడు ఢిల్లీలో దిగి న్యూయార్క్ విమానం ఎక్కుతాడు, ఆ టికెట్ డబ్బు మొత్తం ఒకే కంపెనీకి వస్తుంది. విస్తారాకి ఒంటరిగా కుదరని లెక్క ఇక్కడ కుదరడానికి అవకాశం ఉంది.

నేను రేటింగ్ ఇస్తే ఇలా. ప్రయాణానికి విస్తారా ఐదుకి నాలుగున్నర, ఎయిర్ ఇండియా మూడు, అది కూడా కొత్త విమానం తగిలితే. డబ్బు బలానికి విస్తారా రెండున్నర, ఎయిర్ ఇండియా మూడున్నర. విలీనం తర్వాతి టాటా సన్స్ నివేదికలో రెండూ కలిపిన అంకె చూడాలి అనుకున్నా, వందకి పోయే రూపాయలు ఎనిమిది లోపుకి వచ్చాయంటే దారిలో పడ్డట్టే, పదకొండు దగ్గరే ఉండిపోతే విస్తారా కూడా ఆ బరువు కిందకి వెళ్లినట్టు. ఇంట్లోవాళ్ల మటుకు, 2025 జనవరిలో మా బాబాయ్, పిన్ని నెవార్క్ వెళ్లడానికి గన్నవరం నుంచి ఢిల్లీ మీదుగా ఎయిర్ ఇండియాలోనే బుక్ చేశాను, ఇద్దరికీ వీల్‌చెయిర్ టికెట్‌తో పాటే పెట్టించాను, ఢిల్లీలో మారడానికి నాలుగు గంటలు ఉండేలా చూసుకున్నాను.